రెండు మూతుల గొట్టం

మా తాతయ్య చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు రబ్బరు వాషర్లు ఉంటాయి. పెళ్ళికెళ్ళినా ఉంటాయి, ఆసుపత్రికెళ్ళినా ఉంటాయి, ఫొటో దిగడానికి స్టూడియోకెళ్ళినా ఉంటాయి. చొక్కా ఉతకడానికి వేసే ముందు జేబు తడిమి, వాటిని తీసి కిటికీ అంచున పెట్టడం అమ్మమ్మకి నలభై ఏళ్ళుగా ఉన్న పని. పొద్దున్నే ఆయన ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చూసుకుని మళ్ళీ జేబులో వేసుకుంటాడు. ఒకటి తగ్గిందా, ఇల్లు పీకి పందిరేస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని వాషరు తాత అంటారు, వెనకాల. నేను మొహమ్మీదే అంటాను. మనవరాలికి ఆ మాత్రం హక్కు లేకపోతే ఎలా?

ఆయన ఫైర్ స్టేషన్‌లో ఫిట్టరు. ఇలా చెప్పగానే జనం ఆయన నిచ్చెనలెక్కి, మంటల్లోకి దూకి, పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చాడనుకుంటారు. తాతయ్య కూడా అనుకోనిస్తాడు. నిజానికి ఆయన పని స్టేషన్ వెనక రేకుల షెడ్డులో. చిరిగిన గొట్టాలకి అతుకులెయ్యడం, మూతులు బిగించడం, పంపులు విప్పి గ్రీజు రాయడం. ఆయనకి నిచ్చెనంటే భయం. ఇంట్లో బల్బు మార్చాలంటే అమ్మమ్మే ఎక్కాలి.

చదువుకీ నాకూ తొమ్మిదో తరగతి మధ్యలోనే చెడింది. అందుకని తాతయ్య చేసిన అసలు పనికి కాగితాల్లో ఉన్న పెద్ద పేరు పలకాలంటే నాకు నోరు తిరగదు. సరిహద్దు సహకార భాగస్వామ్య పథకం అని ఏదో ఉంది. ఇంట్లో మేం దాన్ని గొట్టాల గొడవ అంటాం.

ముందు మా వీధి సంగతి చెప్పాలి. మాది ఊరి చివరి వీధి. వీధి చివర వంతెన, కింద ఏరు, అవతలి ఒడ్డున వేరే దేశం. భాష ఒకటే, సబ్బు ఒకటే, తిట్లు ఒకటే. వంతెన మధ్యలో ఒక గేటు, ఒక గార్డు, ఒక గది. మా ఫైర్ స్టేషన్ ఊరికి ఆ కొసన ఉంది, మధ్యలో రైల్వే గేటు. ఇంజన్ మా వీధికి రావాలంటే ఇరవై నిమిషాలు, రైలొస్తే దాని దయ. అవతలి దేశం వాళ్ళ స్టేషన్ మాత్రం వంతెన దిగగానే ఉంది. నాలుగు నిమిషాలు. వాళ్ళ స్టేషన్ ముందు జీపు కడుగుతుంటే మా మేడ మీదికి కనిపిస్తుంది.

మా అమ్మకి ఏడేళ్ళప్పుడు వీధిలోని పరుపుల కార్ఖానా అంటుకుంది. అమ్మమ్మ అందులో మిషను కుట్టేది. పగటి పూట, ముప్ఫై మంది ఆడవాళ్ళు లోపలున్నారు. అందరూ బయటపడ్డారు, అది అదృష్టం. అవతలి వాళ్ళ ఇంజన్ గంట కొట్టుకుంటూ వంతెన దాటి వచ్చేసింది. గార్డు ఎవర్నీ అడక్కుండా గేటెత్తేశాడు. ఇంజన్‌లో ఉన్న నీళ్ళు కాసేపటికే అయిపోయాయి. ఇక వీధిలో మంటల కోసమే పాతిన నీటి స్తంభానికి గొట్టం తగిలించాలి. అప్పుడు తెలిసింది ఆ మూతికీ ఈ మూతికీ పొత్తు కుదరదని.

మాది మర మూతి. సీసా మూతలాగా తిప్పి తిప్పి బిగించాలి. వాళ్ళది కొక్కెం మూతి. ఎదురుబొదురుగా పెట్టి ఒక్క తిప్పు తిప్పితే టక్కున పడుతుంది. గొట్టాల లావు ఒకటే, మూతులే వేరు. ఇంటి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన తాతయ్య స్తంభం దగ్గర, వాళ్ళ ఫిట్టరు గొట్టం పట్టుకుని ఎదురుగా. ఇద్దరూ రెండు మూతుల్నీ చేతుల్తో అదిమిపెట్టి, చుట్టూ తువ్వాళ్ళు చుట్టి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నొక్కారట. నీళ్ళు చిమ్మి ఇద్దరూ నెత్తి నుంచి కాలిదాకా తడిశారు. మంట మీద మాత్రం చుక్క పడలేదు. మా ఇంజన్ వచ్చేలోపు కార్ఖానా కళ్ళముందే బూడిదైంది. అమ్మమ్మ మిషనూ పోయింది, ముప్ఫై మంది పనీ పోయింది.

ఆ తడిసిన రెండోమనిషి, పెద్ద మీసాలాయన, పోతూ పోతూ తాతయ్యతో ఒకటే మాట అన్నాడట.

"అయ్యా, నీళ్ళు మీ దగ్గరున్నాయి, గొట్టం మా దగ్గరుంది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు."

ఆ మాట తాతయ్య గొంతులో చేపముల్లులా పాతికేళ్ళు ఉండిపోయింది.

తర్వాత, ఆయన రిటైరవడానికి మూడేళ్ళుందనగా, ఎక్కడో రాజధానిలో ఉన్న ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. సరిహద్దుకి ఇటూ అటూ ఉన్న ఊళ్ళు జంటగా ఏదైనా పని తలపెడితే సాయం చేస్తామని. జంట లేనిదే సాయం లేదు. మా స్టేషన్ సారు, అవతలి స్టేషన్ సారు ఉత్తరాలు రాసుకుని, మంటల పనికి జంట కడదామనుకున్నారు. దరఖాస్తులో సాంకేతిక సభ్యుడు అని ఒక గీత ఉంది. మిగతా అందరికీ పనుంది కనక ఆ గీత మీద తాతయ్య పేరు రాశారు. అవతలి వాళ్ళు వాళ్ళ గీత మీద రాసింది ఆ మీసాలాయన పేరే.

మొదటి మీటింగ్ అవతలి ఒడ్డున. తాతయ్య పెళ్ళినాటి కోటు వేసుకుని వెళ్ళాడు. బొత్తాలు పట్టక అమ్మమ్మ పిన్నీసు పెట్టింది. అక్కడ సార్లిద్దరూ ఉపన్యాసాలు ఇస్తున్నారు. మూల గదిలో కుళాయి కారుతోంది. టప్, టప్, టప్. తాతయ్యకి ఆ చప్పుడు తప్ప ఇంకేం వినిపించడం లేదు. కాసేపు ఓర్చుకున్నాడు. పిర్రలు అటూ ఇటూ జరుపుకున్నాడు. ఇక ఆగలేక లేచి, లోపలికెళ్ళి, జేబులోంచి వాషరు తీసి, కుళాయి విప్పి బిగించి వచ్చి కూర్చున్నాడు. మీటింగ్ అంతా ఆగిపోయి ఆయన్నే చూస్తోంది.

"ఇప్పుడు చెప్పండి సారూ," అన్నాడు తాతయ్య, కోటుకి చేతులు తుడుచుకుంటూ. "ఇప్పుడు వినిపిస్తుంది."

ఆ కుళాయి రెండేళ్ళుగా కారుతోందట. వాళ్ళ సారు నవ్వి, మినిట్స్ పుస్తకంలో మొదటి తీర్మానంగా అదే రాయించాడు. రెండో మీటింగ్ మా ఒడ్డున జరిగింది. మీసాలాయన వచ్చీరాగానే, ఎన్నడూ సరిగా పడని మా మీటింగ్ గది తలుపు కేసి ఒకసారి చూసి, సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసి కీలు సరిచేశాడు. ఆ తర్వాత అది ఆచారమైపోయింది. ఎవరు ఎవరి ఆఫీసుకి వెళ్ళినా ముందు ఏదో ఒకటి బాగుచేసి గానీ కుర్చీలో కూర్చోరు. కిటికీ గొళ్ళెం, ఫ్యాను చప్పుడు, కుంటి బల్ల. నాలుగు మీటింగులయ్యేసరికి రెండు ఆఫీసుల్లో బాగుచెయ్యడానికి ఏమీ మిగల్లేదు. సార్లు అంతసేపూ ఏం మాట్లాడుకున్నారో గానీ, భాగస్వామ్యం అనేది నా కళ్ళకి కనిపించిందంటే ఆ కుళాయిలోనూ ఆ తలుపులోనూ.

మూడో మీటింగ్ రోజు మీసాలాయన్ని తాతయ్య భోజనానికి ఇంటికి తెచ్చాడు. అమ్మమ్మ వడ్డిస్తూ "అన్నయ్యా, ఇంకొంచెం" అంది. అంతే, తాతయ్య పళ్ళెం మీంచి తలెత్తాడు.

"విన్నావా? మా ఆవిడకి నువ్వు అన్నయ్యవైతే నాకు బావవి. ఇక నిన్నేమన్నా అడిగేవాడు లేడు."

"అదేదో ముందే చెప్పుంటే మొదటి మీటింగ్‌లోనే నీ కోటు సంగతి ఎత్తేవాణ్ణి కదా బావా," అన్నాడాయన. "పిన్నీసు ఇంకా ఉందా, ఊడిందా?"

ఆ రోజు నుంచి మాకు ఆయన బావ తాత. పోయేటప్పుడు తన సంచీలోంచి ఒక పాత ఇత్తడి కొక్కెం మూతి తీసి గుర్తుగా తాతయ్యకిచ్చాడు. తాతయ్య ఒక మర మూతి ఇచ్చాడు. మనుషులు గుర్తుగా పెన్నులిచ్చుకుంటారు, గడియారాలిచ్చుకుంటారు. వీళ్ళు చెరో కిలోన్నర ఇత్తడి ఇచ్చుకున్నారు. మా ఇంట్లో అది తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఉండేది. దానికి నా కాలి బొటనవేలు ఎన్నిసార్లు తగిలిందో నా గోరుకే తెలుసు.

గొడవ ఆరో మీటింగ్‌లో వచ్చింది. రెండు ఊళ్ళూ ఒకే రకం మూతి పెట్టుకోవాలన్నది అందరూ ఒప్పుకున్నారు. ఏ రకం?

"మా మర మూతి గట్టిది. ఎంత ఒత్తిడికైనా ఊడదు," అన్నాడు మా సారు.

"మీరు తిప్పుతూ ఉండగానే ఇల్లు కాలిపోతుంది. మా కొక్కెం ఒక్క క్షణం," అన్నాడు వాళ్ళ సారు.

"క్షణంలో పడేది క్షణంలో ఊడుతుంది."

"మీ ఇంజన్ రైల్వే గేటు దగ్గర నిలబడ్డంతసేపు మావాళ్ళు నిద్రలేచి స్నానం చేసి కూడా రావచ్చు. మాకు మీరు పాఠాలు చెప్పకండి."

అక్కడితో మా సారు కుర్చీ వెనక్కి తోశాడు. తాతయ్య, బావ తాత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఫైళ్ళు సర్దారు. ఆ తర్వాత నాలుగు నెలలు మీటింగ్ లేదు, ఉత్తరం లేదు.

అప్పుడు రాజధాని ఆఫీసు మేడమ్ దగ్గర్నుంచి నోటీసు వచ్చింది. ఫలానా తారీఖు పొద్దున పదింటికి తను వంతెన మీదికి వస్తుందనీ, రెండు ఒడ్డుల నుంచీ వచ్చిన గొట్టాలు తన కళ్ళముందు కలిసి నీళ్ళు పారాలనీ, లేకపోతే ఈ జంటని కొట్టేసి వరసలో ఉన్న ఇంకో రెండు ఊళ్ళకి సాయం ఇచ్చేస్తామనీ. అంటే మా వీధికి మళ్ళీ ఇరవై నిమిషాలే గతి. రైలొస్తే దాని దయ.

ఆ సాయంత్రం తాతయ్య అన్నం ముందు కూర్చుని కెలుకుతున్నాడు.

"ఏంటండీ, ఉప్పు ఎక్కువైందా?" అంది అమ్మమ్మ.

"మనమే తగ్గితే పోలా?"

"ఎందులో?"

"మూతిలో. మన వీధికి వాడే గొట్టాలు పదకొండు. స్తంభాలు ఆరు. అన్నిటికీ కొక్కెం మూతులు పెట్టేస్తే సరి. నమూనా ఇంట్లోనే ఉందిగా." తలుపు దగ్గర ఇత్తడి ముద్ద కేసి చూపించాడు.

"మరి అన్నయ్యకి ఓ మాట ఫోన్‌లో చెప్పండి."

"చెబితే ఇంకేమన్నా ఉందా? మొహమాటస్తుడు. వద్దు బావా, మా కోసం నువ్వు తగ్గడమేంటి అని అడ్డం పడతాడు. ఆ రోజు అక్కడే చూస్తాడులే."

మర్నాడు మా సారు దగ్గరికెళ్ళాడు. సారు గంటసేపు ససేమిరా అన్నాడు. చివరికి పరుపుల కార్ఖానా రోజు తడిసిన కథ మొత్తం విన్నాక, కిటికీ వైపు తిరిగి, "చెయ్యి. కానీ నేను చెయ్యమన్నానని ఎక్కడా అనకు. నేను చూళ్ళేదు," అన్నాడు.

మూడు వారాలు తాతయ్య షెడ్డులోనే ఉన్నాడు. లేత్ పనాయన చేత కొక్కెం మూతులు చేయించడం, ఒక్కొక్కటీ నమూనాతో సరిచూడ్డం, పాత మర మూతులు కోసి తీసి కొత్తవి తొడిగి, బైండింగ్ వైరు వరసలు వరసలుగా చుట్టి బిగించడం. ఇంటికొచ్చేసరికి గోళ్ళ నిండా నలుపు, మొహం నిండా వెలుగు. ఆదివారాలు షెడ్డు నుంచే బావ తాతకి ఫోన్ చేసేవాడు. ఆ మాటలు నేను క్యారేజీ ఇవ్వడానికెళ్ళి పక్కనే కూర్చుని విన్నాను కాబట్టి చెబుతున్నాను.

"ఏం బావా, పనెలా ఉంది?"

"ఏముంది బావా, మామూలే. నీదో?"

"మామూలే. ఖాళీ."

"నేనూ ఖాళీయే."

ఇద్దరూ ఇంత ఖాళీగా ఉంటే ఆ వెనకాల సుత్తి చప్పుడేంటని ఒక్కళ్ళయినా అడగాలి కదా? అడగలేదు.

ఆ రోజు వచ్చింది. వంతెన మీద జనం. పైన రెండు లైటు స్తంభాల మధ్య తీగల్తో కట్టిన బ్యానరు, దాని మీద స్నేహ సహకార వారధి అని రంగురంగుల అక్షరాలు. బ్యానరు కింద బల్ల, బల్ల వెనక మేడమ్. ఆమె కారు పన్నెండింటికి బయల్దేరాలని ముందే చెప్పేసింది. ఇటునుంచి మా వాళ్ళు గొట్టం పరుచుకుంటూ గేటు దాకా వచ్చారు, ముందు తాతయ్య. అటునుంచి వాళ్ళ వాళ్ళు పరుచుకుంటూ వచ్చారు, ముందు బావ తాత. ఇద్దరూ మూతుల్ని వీపు వెనక దాచుకుని, ఒకళ్ళని చూసి ఒకళ్ళు దొంగల్లా నవ్వుకుంటున్నారు. కోటు పిన్నీసు ఎండకి మెరుస్తోంది.

"కలపండి," అంది మేడమ్.

తాతయ్య తన మూతి ముందుకు పెట్టాడు. కొక్కెం మూతి.

బావ తాత తన మూతి ముందుకు పెట్టాడు. మర మూతి.

ఆయనా అదే మూడు వారాలు, అదే మొహమాటం, తలుపుకి అడ్డం పెట్టుకున్న మా మర మూతినే నమూనాగా పెట్టుకుని వాళ్ళ గొట్టాలన్నిటికీ, వంతెన దగ్గరి స్తంభాలన్నిటికీ మర మూతులు పెట్టించేశాడు. వాళ్ళ సారు కూడా కిటికీ వైపు తిరిగి నేను చూళ్ళేదన్నాడట.

"బావా... నువ్వూనా?" అన్నాడు తాతయ్య.

"నువ్వు చెప్పొద్దా, బడుద్ధాయ్!"

"నువ్వు చెప్పావా మరి?"

"చెబితే నువ్వు వద్దంటావని!"

వెనకాల సార్లిద్దరికీ విషయం ఇంకోలా అర్థమైంది. "మమ్మల్ని వెక్కిరించడానికి కాకపోతే మా మూతి మీరెందుకు పెట్టుకున్నారు?" అని వీళ్ళు. "ముందు మీరెందుకు పెట్టుకున్నారో చెప్పండి," అని వాళ్ళు. గేటు గార్డు ఏ పక్కన నిలబడాలో తెలీక గది లోపలికి పోయాడు. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చూసింది. మూతులు మారలేదు.

"రెండేళ్ళ తర్వాత నాకు చూపించేది ఇదా?" అంటూ ఫైలు మూసింది.

నాకు నవ్వాగలేదు. పక్కన అమ్మమ్మ మాత్రం నవ్వడం లేదు. ఆమె చూపు మేడమ్ మీద లేదు, సార్ల మీద లేదు. వెనక్కి తిరిగి మా వీధి కేసి చూస్తోంది. ఒకప్పుడు పరుపుల కార్ఖానా ఉన్న చోట ఇప్పుడు లాండ్రీ, నేను పనిచేసేది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

తాతయ్య అప్పుడు బల్ల దగ్గరికెళ్ళాడు. జీవితంలో ఏ ఆఫీసరుతోనూ గొంతెత్తని మనిషి.

"మేడమ్, టీ చెప్తా. మీరు తాగండి. మీరు తాగేలోపు నీళ్ళు పారకపోతే మమ్మల్ని కొట్టేద్దురుగాని."

"ఎలా పారతాయి?"

"అది నాకూ తెలీదండీ. మా బావని అడగాలి."

బావ తాత అప్పటికే నేల మీద చతికిలబడి ఉన్నాడు. తన మూతి ఒళ్ళో, తాతయ్య మూతి ముందు. రెంటినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"బావా, ఒక గొట్టం పాడుచేద్దామా?" అన్నాడు. "ఒక చివర మీది ఉంచి, రెండో చివర కోసేసి మాది తొడుగుదాం. ఇటు కొక్కెం, అటు మర. ఏ రకం ఉండాలన్నది మనకెందుకు? మధ్యలో ఇదుంటే చాలదూ?"

తాతయ్య నెత్తి మీద చెయ్యి వేసుకున్నాడు. రెండేళ్ళుగా పదిమంది కుర్చీల్లో కూర్చుని ఏ మూతి ఏ మూతి అని కొట్టుకున్నారే గానీ, ఒకే గొట్టానికి రెండు మూతులు పెట్టొచ్చని ఒక్కళ్ళకీ తోచలేదు. నేల మీద కూర్చుంటే తోచింది.

కోశారు, తొడిగారు. అంతా అయ్యాక చూస్తే చుట్టి బిగించడానికి వైరు లేదు, వాళ్ళ స్టేషన్‌లో ఉన్నదంతా ఆ మూడు వారాల్లోనే అయిపోయింది. మా స్టేషన్‌కి వెళ్ళి తెచ్చేసరికి మేడమ్ టీ కాదు, భోజనం కూడా అయిపోతుంది. తాతయ్య అటూ ఇటూ చూశాడు, తర్వాత పైకి చూశాడు.

"వద్దు," అన్నాడు మా సారు.

"ఒక్క మూలే సారూ."

తాతయ్యకి నిచ్చెనంటే భయమని చెప్పానుగా. బావ తాత భుజాలెక్కి, కళ్ళు మూసుకుని, పట్టకారుతో తీగ కత్తిరించాడు. ఒక మూల తీగ చాల్లేదు. రెండో మూలా కత్తిరించాడు. స్నేహ సహకార వారధి మెల్లగా జారి సార్లిద్దరి నెత్తి మీదా కలిపి ఒకే దుప్పటిలా పడింది. దాని కిందనుంచి ఇద్దరూ ఒకేసారి దగ్గుతూ బయటికొచ్చారు. ఎవరు ముందు నవ్వారో నేను చూశాను. వాళ్ళ సారు. మా సారు కాదంటాడు, ఆయనతో వాదించను.

వైరు బిగించి, పానాతో మర తిప్పి, టక్కున కొక్కెం వేసి, తాతయ్య చెయ్యెత్తాడు. మా ఒడ్డున వాల్వు తిప్పారు. గొట్టం పాములా ఒళ్ళు విరుచుకుంటూ ఉబ్బి, మా దేశం దాటి, గేటు దాటి, వాళ్ళ దేశంలోకి పాకింది. ఆ చివర నీళ్ళు లేచాయి. తాతయ్య, బావ తాత మాత్రం నీళ్ళ కేసి చూడనే లేదు. ఇద్దరూ మోకాళ్ళ మీద వంగి అతుకు కేసి చూస్తున్నారు, చుక్క కారుతుందేమోనని.

మేడమ్ టీ కప్పు కింద పెట్టింది. సగమే తాగింది. సంతకం చేస్తూ అడిగింది: "రిపోర్టులో దీన్ని ఏమని రాయమంటారు?"

"బావల గొట్టం అని రాయండి," అంది అమ్మమ్మ జనంలోంచి.

మేడమ్ అలా రాయలేదనుకుంటాను. కానీ రెండు ఊళ్ళలోనూ ఇప్పుడు దాని పేరు అదే. తర్వాత అలాంటివి నాలుగు చేశారు. ఒక్కో స్టేషన్ ఇంజన్‌లో రెండేసి. వంతెన మీద చేసిన మొదటిది గార్డు గదిలో గోడకి వేలాడుతోంది. మూతులు మళ్ళీ ఎవరివి వాళ్ళు పెట్టుకోవచ్చుగా అంటే సార్లు ఇద్దరూ ఒప్పుకోలేదు. ముందు తగ్గింది మేమే అని చెప్పుకోవడానికి సాక్ష్యం పోతుందట. అందుకని ఈనాటికీ మా వీధిలో వాళ్ళ కొక్కేలు, వాళ్ళ వీధిలో మా మరలు.

తాతయ్య రిటైరయ్యాడు. షెడ్డు తాళం ఇచ్చేశాడు గానీ వాషర్లు ఇవ్వలేదు.

రెండేళ్ళ కిందట, మధ్యాహ్నం మూడింటికి, మా లాండ్రీలో బట్టలారబెట్టే మిషన్ అంటుకుంది. మేం నలుగురం పై అంతస్తులో దుప్పట్లు మడతపెడుతున్నాం. మెట్ల నిండా పొగ. కిటికీ దగ్గర ముక్కులకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడ్డాం. అప్పుడు నేనెవర్నీ వెక్కిరించలేదు, అది మాత్రం ఒప్పుకుంటాను. మా ఇంజన్ బయల్దేరిందట, రైల్వే గేటు దగ్గర ఆగిందట. వంతెన మీంచి గంట వినపడింది. కిటికీలోంచి చూస్తే వాళ్ళ కుర్రవాళ్ళు దూకి, స్తంభానికి టక్కున కొక్కెం వేసి, ఇవతల మర తిప్పి... అంతే. పొగ ముందు నల్లగా ఉంది, తర్వాత తెల్లబడింది, తర్వాత మెట్ల మీద ఎవరో బూట్లేసుకుని పైకొస్తున్న చప్పుడు.

నేను కిందికి దిగేసరికి తాతయ్య వచ్చేశాడు. నన్ను పట్టుకుని ఏడుస్తాడనుకున్నాను. ఆయన వీధి మధ్యలో వంగి గొట్టం అతుకు తడుముతున్నాడు.

"చూశావా," అన్నాడు నా మొహం కూడా చూడకుండా. "ఒక్క చుక్క కారడం లేదు."

"తాతయ్యా, నేనిక్కడున్నా."

"తెలుసే. ఇందాకే చూశా." అని అలాగే అతుకు మీద చెయ్యి వేసి ఉంచాడు. వాల్వు కట్టేశాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వంతెన దాటాడు. థాంక్స్ చెప్పాలి. తాతయ్యకి ఆ మాట నోట్లోంచి రాదు. ఉత్త చేతుల్తో కూర్చోవడం కూడా రాదు. దారంతా గొణుగుతూనే ఉన్నాడు: "అక్కడ అన్నీ బానే ఉంటాయి. చెయ్యడానికి ఏముంటుంది? వెళ్ళి ఏం చెయ్యను?"

బావ తాత కూడా అప్పటికి రిటైరయ్యాడు. అయినా మేం వెళ్ళేసరికి వాళ్ళ స్టేషన్‌లోనే కూర్చుని ఉన్నాడు. కుర్చీ వేశాడు. తాతయ్య కూర్చున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. అప్పుడు మూల గదిలోంచి వినిపించింది.

టప్. టప్. టప్.

తాతయ్య మొహం విప్పారింది. "ఏం బావా, నేను రాకపోతే ఒక్క కుళాయి కూడా చూసుకోలేరా మీరు?" అని లేచి లోపలికెళ్ళాడు, జేబు తడుముకుంటూ.

బావ తాత నా వైపు తిరిగి గుప్పిట తెరిచాడు. అరచేతిలో ఒక వాషరు. కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది, ఇంకా తడిగా ఉంది. పొద్దున్నే ఆయనే కుళాయి విప్పి తీసేశాడు.

"మీ తాతకి చెప్పకు," అన్నాడు గొంతు తగ్గించి. "చెబితే మొహమాటపడతాడు."

నేను చెప్పలేదు. ఆయనకీ, వాళ్ళ కుర్రవాళ్ళకీ, బ్యానరు తీగకీ, రెండు దేశాల్లో ఉన్న మొహమాటం అంతటికీ దణ్ణం పెట్టుకుని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున కిటికీ అంచున మూడే వాషర్లు ఉన్నాయి. తాతయ్య ఒకటి, రెండు, మూడు అని చూసుకుని జేబులో వేసుకున్నాడు. నాలుగోదాన్ని వెతకమని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.